నడక వస్తే కోలుకున్నట్టేనా?

మెదడులో రక్తస్రావమై, ప్రాణాపాయం తప్పి ఇల్లు చేరిన మనిషి గురించి అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ‘‘నడుస్తున్నారా?’’ నాలుగడుగులు వేస్తే చాలు, గండం గట్టెక్కిందనుకుంటారు. ఈ కొలమానమే పెద్ద చిక్కు.

రక్తనాళం పూడుకుపోయి వచ్చే పక్షవాతానికీ, నాళం చిట్లి వచ్చేదానికీ ఒక తేడా ఉంది. చిట్లినప్పుడు చుట్టుపక్కల మెదడు కణజాలంలో కొంత చనిపోదు. గడ్డకట్టిన రక్తం ఒత్తిడికీ వాపుకూ మూగబోతుంది. వారాల తరబడి ఆ గడ్డ కరిగేకొద్దీ కొంత పనితీరు తిరిగి రావచ్చు. అందుకే మొదటి వారం చూసి భవిష్యత్తు చెప్పేయడం తొందరపాటు. తొలి మూడు నుంచి ఆరు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, నిజమే. ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. 1996లో ఈ జబ్బు బారిన పడిన అమెరికా మెదడు శాస్త్రవేత్త జిల్ బోల్ట్ టేలర్ పూర్తిగా కోలుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

అలాగని మొదటి రోజే లేపి నడిపించాలన్న ఆత్రమూ పనికిరాదు. రెండు వేల మందికి పైగా రోగులపై జరిగిన ‘అవర్ట్’ పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. 24 గంటల్లోపే లేపి ఎక్కువ కసరత్తు చేయించిన వారిలో ఫలితం తగ్గింది.

ఇంట్లో జరిగేది ఇంకో రకం. చచ్చుబడిన చేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఆయనకు ఐదు నిమిషాలు పడుతుంది. వేళ్లు గుండీని పట్టుకుంటాయి, కాజా దగ్గర జారవిడుస్తాయి. చూడలేక భార్య పది సెకన్లలో పెట్టేస్తుంది. ప్రేమే, కాదనను. కానీ మెదడు కొత్త దారి వేసుకునేది ఆ ఐదు నిమిషాల్లోనే. వేళ్లలో కాస్త కదలిక మిగిలినవారికి బాగున్న చేతికి తొడుగు వేసి మరీ బలహీనమైన చేత్తో పని చేయించే చికిత్స ఉన్నదీ ఇందుకే. సాయం కావాల్సింది మరోచోట: మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది. నడుము దగ్గర ఆసరా ఇవ్వాలి.

నడకలో కనిపించని లోపాలు ఇంకా ఎక్కువ బాధిస్తాయి. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే వదిలేస్తాడు. కళ్లు బాగానే ఉన్నా మెదడు ఆ పక్కను లెక్కలోకి తీసుకోదు. స్నానం చేసి వచ్చేసరికే నీరసించి పడుకుంటాడు. ఇంట్లోవాళ్లు దానికి బద్ధకమని పేరు పెడతారు.

ఈలోగా నడక వచ్చేసిందని వ్యాయామం మానిపిస్తారు, కొందరైతే బీపీ మాత్రలు కూడా. నాళం మొదటిసారి చిట్లడానికి చాలామందిలో ఆ బీపీయే కారణం. దాన్ని 130/80 దగ్గర నిలపాలని వైద్యులు చెప్పిన కాగితం ఆసుపత్రి ఫైల్లోనే ఉండిపోతుంది.