గన్నవరం రన్‌వే గోడ దాటాక బాధ్యత ఎవరిది?

గన్నవరం ఎయిర్‌పోర్ట్ గురించి మాటొస్తే మన దగ్గర అందరూ అడిగేవి రెండే: కొత్త టెర్మినల్ ఎప్పటికి పూర్తవుతుంది, విదేశాలకు నేరుగా ఫ్లైట్లు ఎప్పుడు వేస్తారు. విమానానికి ఏదైనా అయితే ముందు ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు అని అడిగినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. 2021 ఫిబ్రవరిలో దోహా నుంచి వచ్చిన విమానం రెక్క ఇక్కడే కరెంటు స్తంభానికి తగిలింది, అరవై మందికి పైగా క్షేమంగా దిగారు, మనం రెండు రోజులు మాట్లాడుకుని వదిలేశాం.

ముందుగా రావాల్సింది క్రాష్ ఫైర్ టెండర్, సీఎఫ్‌టీ అంటారు. మన వీధుల్లోకి వచ్చే ఫైరింజన్ అయితే ఒకచోట ఆగాలి, సిబ్బంది దిగి పైపులు పరవాలి, అప్పుడు నీళ్లు కొట్టాలి. సీఎఫ్‌టీ పరుగెత్తుతూనే కప్పు మీదున్న మానిటర్‌తో, అంటే నురగ చిమ్మే గొట్టంతో, నురగ కొట్టగలదు, లోపలున్నవాళ్లు దిగక్కర్లేదు. రోసెన్‌బాయర్ పాంథర్, ఓష్‌కాష్ స్ట్రైకర్ లాంటివి ఈ కోవలోవే. ఇంత హడావిడి ఎందుకంటే ఎయిర్‌బస్ ఏ320 విమానం ట్యాంకులు నిండితే దాదాపు 24 వేల లీటర్ల ఇంధనం ఉంటుంది, అది కారి కింద అంటుకుంటే అల్యూమినియం బాడీ కరిగి మంట లోపలికి రావడానికి ఒకటి, ఒకటిన్నర నిమిషం చాలు. 1985లో మాంచెస్టర్‌లో విమానం గాల్లోకి లేవనే లేదు, రన్‌వే పక్కనే ఆగింది, అయినా 55 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగకే.

అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఐకావో, రన్‌వే మీద ఏ చోటికైనా 3 నిమిషాల్లోపు చేరాలని నిబంధన పెట్టింది, వీలైతే 2 నిమిషాలకే చేరాలంది. ఎన్ని బండ్లు, ఎంత నీరు అన్నది వచ్చే విమానం పొడవు, వెడల్పుల్ని బట్టి ఉంటుంది. ఏ321, బోయింగ్ 737-800 లాంటివి కేటగిరీ 7 కిందికొస్తాయి, వాటికి 2 బండ్లు, అన్నీ కలిపి 12,100 లీటర్ల నీరు ఉండాలి. బోయింగ్ 777 వస్తే కేటగిరీ 9, అంటే 3 బండ్లు, 24,300 లీటర్లు. 3,360 మీటర్ల రన్‌వే ఉంది కదా, పెద్ద విమానాలు దింపండి అని డిమాండ్ చేసే నాయకులు ఈ లెక్క కూడా దగ్గర పెట్టుకుంటే మంచిది.

అయితే ఈ లెక్కంతా ప్రహరీ లోపలిది. నా భయం ప్రహరీ అవతలి గురించి.

2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో విమానం గోడ దాటి మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడింది, విమానంలో 241 మంది, కింద 19 మంది పోయారు. 2020లో కోజికోడ్‌లో ఇంకో విమానం రన్‌వే దాటి లోయలోకి జారి ముక్కలైనప్పుడు కొండోట్టి ఊరివాళ్లు కోవిడ్ భయం కూడా చూడకుండా పరుగెత్తుకొచ్చి, దొరికిన బండిలో ఎక్కించి క్షతగాత్రుల్ని ఆసుపత్రులకు చేర్చారు. ఆ ప్రమాదంపై దర్యాప్తు నివేదిక ఫైర్ సిబ్బందికి ఆ రకం విమానం మీద తగినంత అవగాహన లేకపోవడాన్ని, విభాగాల మధ్య సమన్వయ లోపాన్ని ఎత్తి చూపింది.

ఇప్పుడు మన గన్నవరం చుట్టూ చూడండి. ఒక పక్క రద్దీగా ఉండే 16వ నంబర్ జాతీయ రహదారి. విస్తరణకు భూములిచ్చిన బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి ఊళ్లు గోడకు ఆనుకున్నట్టే ఉంటాయి. మిగతాదంతా కాలువలు, వరి మళ్లు. ఒక్కటే 12 వేల లీటర్లు మోసే పెద్ద సీఎఫ్‌టీ అయితే నీరే 12 టన్నులు, బండి బరువు కూడా కలిపితే 30 టన్నులు దాటుతుంది, అలాంటి బండి ఖరీఫ్‌లో దమ్ము చేసిన నల్లరేగడి మడిలో దిగితే ఆరు చక్రాలకూ పవరున్నా ముందుకెళ్తుందని నేను నమ్మను. ఎమర్జెన్సీ గేటు తీయగానే గట్టి దారి ఉండాలి, కాలువ దాటే చోట ఆ బరువు మోసే వంతెన ఉండాలి. టెర్మినల్ అద్దాల కన్నా వీటికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఇంకో చిక్కు ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఎయిర్‌పోర్ట్ కృష్ణా జిల్లాలో ఉండిపోయింది, కలెక్టర్ మచిలీపట్నంలో కూర్చుంటారు, పెద్ద ఆసుపత్రులూ ఎక్కువ ఫైరింజన్లూ ఉన్న విజయవాడేమో ఎన్టీఆర్ జిల్లా అయింది. అర్ధరాత్రి ఫోన్ మోగితే ఎవరు ఎవరికి చెప్పాలన్నది ముందే తేల్చుకోకపోతే ఆ టెన్షన్‌లో తేలే పని కాదు. మన అదృష్టం కొద్దీ జాతీయ విపత్తు స్పందన దళం, ఎన్‌డీఆర్ఎఫ్, పదో బెటాలియన్ కొండపావులూరులోనే ఉంది, చినఆవుటపల్లిలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఇంత దగ్గరలో ఇన్ని వనరులు చాలా ఎయిర్‌పోర్టులకు ఉండవు. వాటిని ఒక తాటి మీదికి తేవడమే మిగిలింది.

బండి కొంటే పని అయిపోయిందనుకోవడం ప్రమాదం. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం కూలినప్పుడు, నురగ కింద పడి ఉన్న ఒక అమ్మాయి కనపడక ఆమె మీదుగా ఫైర్ బండే వెళ్లిపోయింది. అక్కడ ఖరీదైన యంత్రాలకేం కొదవ లేదు. సాధన కావాలి, అదీ కష్టమైన పరిస్థితుల్లో. రెండేళ్లకోసారైనా పూర్తిస్థాయి ఎమర్జెన్సీ డ్రిల్ జరపాలని ఐకావో నిబంధన ఎలాగూ ఉంది. ఆ డ్రిల్‌ని ఎండాకాలం పొద్దున రన్‌వే మీద పెట్టుకోకుండా, నాట్లు పడ్డాక ఒక రాత్రి గోడ అవతల పెట్టండి. సీఎఫ్‌టీ ఎక్కడ దిగబడిందో, సైరన్ మోగాక ఎన్ని నిమిషాలకు మొదటి అంబులెన్స్ చినఆవుటపల్లి చేరిందో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పంచాయతీ ఆఫీసులో కాగితం అంటించి చెప్పండి.