బ్రేకు ఎస్టిమేటు వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ బ్రేకు ఎస్టిమేటు వారి దివ్యసముఖమునకు, విజయవాడ నుండి ఒక చిన్న కారు యజమాని అనేక నమస్కారములతో చేసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన ఆనవాయితీ గనుక రాస్తున్నాను గాని, తమరు నా వాట్సాప్‌లోకి వేంచేసిన క్షణం నుండి నా కుశలం మీద నాకే నమ్మకం సడలింది.

తమరికి నేను గుర్తుండకపోవచ్చు. డీలరు గారి సర్వీస్ సెంటరు నుండి రోజూ తమవంటి వారు ఎందరు బయలుదేరుతారో ఎవరికి తెలుసు? నాది 2019 మోడలు పెట్రోలు బండి, 46,000 కిలోమీటర్లు తిరిగినది. ఇంజిను ఆయిలు మార్చి, కడిగి ఇవ్వమని ఉదయం తొమ్మిదింటికి అప్పగించి ఆఫీసుకు వెళ్ళాను. పదకొండున్నరకు తమరు వచ్చారు. ఎనిమిది వరసలు, ప్రతి వరస చివర ‘రికమెండెడ్’ అన్న ముద్ర, అన్నిటికీ అడుగున పన్నుతో కలిపి 24,863 రూపాయలు. ముందు చక్రాల ప్యాడ్లు, రెండు డిస్కులు, వెనక చక్రాల షూలు, బ్రేక్ ఆయిలు, కాలిపర్ సర్వీసు, ఏదో క్లీనింగ్ స్ప్రే, ఇంకా ఏవేవో. ఆయిలు మార్చడానికి వెళ్ళిన బండికి ఇంత పెద్ద జబ్బు ఉందని తెలిసి, నేను కుర్చీలోనే అసంకల్పితంగా కుడికాలు నేలకేసి నొక్కాను.

ఆ ‘రికమెండెడ్’ అన్న మాటను నేను చాలాసేపు పరిశీలించాను. వ్యాకరణం చదువుకున్నవాణ్ణి గనుక కర్త కోసం వెతికాను. ఎవరు సిఫార్సు చేశారు, ఏం చూసి చేశారు, దేనితో కొలిచారు, చేయించకపోతే ఎన్నాళ్ళు ఆగవచ్చు అన్న ప్రశ్నలకు తమలో ఎక్కడా చోటు లేదు. ఉన్నదల్లా ధర. ధర దగ్గర మాత్రం తమరు పైసలతో సహా కచ్చితంగా ఉన్నారు.

కాసేపటికి తమ తరఫున సర్వీస్ అడ్వైజర్ గారు ఫోను చేశారు. మర్యాదస్తుడే, ఆయన మీద నాకు కోపం లేదు. ఆ ఉద్యోగానికి నెల నెలా టార్గెట్లు ఉంటాయన్నది రహస్యమేమీ కాదు. “వేరే దేనికైనా ఆగొచ్చు సార్, బ్రేకులకు ఆగకూడదు. ప్యాడ్లు 30 పర్సెంటే ఉన్నాయి. ఫ్యామిలీతో తిరుగుతారు కదా సార్” అన్నారు. మాటల్లో మాటగా వచ్చే వారం తిరుమల వెళ్తున్నామని నోరు జారాను. “అయ్యో, ఘాట్ రోడ్డా సార్?” అని ఆయన ఆగిపోయారు. ఆ తరవాతి మౌనం ఉంది చూశారూ, తమ ఎనిమిది వరసలు చేయలేని పని అది చేసింది. ఏసీ గ్యాసు గురించో సీటు కవర్ల గురించో అయితే బేరమాడేవాణ్ణి. బ్రేకుల దగ్గర బేరమాడే తండ్రి ఎవడైనా ఉంటాడా?

ఘాట్ రోడ్డు మాట వచ్చింది గనుక ఒకటి చెప్పనివ్వండి. కొండ దిగేటప్పుడు బండిని కాపాడేది మొట్టమొదట రెండో గేరు. పెడలు మీద కాలు వదలకుండా దిగితే నిన్న వేయించిన కొత్త ప్యాడ్లు కూడా వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఆపైన బ్రేక్ ఆయిలు సంగతి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం కాగా, తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. ఆయిలు మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుట్టి, పెడలు తొక్కితే మెత్తగా దిగిపోతుంది. అందుకే రెండేళ్ళకొకసారి దాన్ని మార్చమంటారు. నా బండిలో కొన్ననాటి ఆయిలే ఉంది గనుక ఆ వరసలో తమరిదే న్యాయం, ఒప్పుకుంటున్నాను. దాని ధర 950 రూపాయలు. ఫోనులో దాని ప్రస్తావన రాలేదు.

సాయంత్రం బండి తెచ్చుకోవడానికి వెళ్ళి, ఆలోచించుకుని చెబుతానన్నాను. వెంటనే జాబ్ కార్డు నా ముందుకు వచ్చింది. ‘బ్రేకు పనులు కస్టమరు నిరాకరించారు, తదుపరి బాధ్యత కస్టమరుదే’ అని రాసి, కింద సంతకం పెట్టమన్నారు. ఆపరేషనుకు ముందు ఆసుపత్రిలో పెట్టే సంతకం నాకు అనుభవమే. ఆపరేషను వద్దన్నందుకు పెట్టడం మాత్రం ఇదే మొదలు. పెన్ను కూడా వాళ్ళే ఇచ్చారు, కంపెనీ బొమ్మ ఉన్నది. పెట్టాను. ఇంటికి వచ్చేదాకా బండి వేగం నలభై దాటలేదు.

మరునాడు ఆటోనగర్ వెళ్ళాను. బయటి మెకానిక్కు తెలివి ఉన్నా అసలు విడిభాగాలూ కంప్యూటరు పరికరాలూ చేతికి రానీయకుండా కార్ల కంపెనీలు తలుపులు మూస్తున్నాయని, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది గాని, ఆ తీర్పుకూ కోర్టులకూ ముందునుంచే మా ఊళ్ళో లారీ మొదలుకొని స్కూటరు దాకా దేన్నయినా విప్పి బిగించే పేట అది. అక్కడి మేస్త్రి తమరిని ఫోనులో చూసి, ఏమీ అనకుండా జాకీ పెట్టి నాలుగు చక్రాలూ ఊడదీశాడు. జేబులోంచి మందం కొలిచే వెర్నియర్ తీశాడు. తమలో లేనిది ఆ జేబులో ఉంది.

ముందు ప్యాడ్ల మందం బయటివైపు 6 మిల్లీమీటర్లు, లోపలివైపు 5. కొత్తది సుమారు 10 ఉంటుంది, 3 కి వస్తే మార్చాలి అన్నాడు. అప్పుడు నాకు తమ 30 పర్సెంటు రహస్యం బోధపడింది. 5 మిల్లీమీటర్లంటే, పదిలో సగం, 50 శాతం. కానీ మార్చవలసిన గీత దాకానే లెక్క వేస్తే, అరిగేందుకు వీలున్న 7 మిల్లీమీటర్లలో మిగిలినవి 2, అంటే 29 శాతం. తమరు అబద్ధం చెప్పలేదు! ఆశ్చర్యపోయాను. కానీ 5 మిల్లీమీటర్లు అరగడానికి 46,000 కిలోమీటర్లు పట్టినప్పుడు, మిగిలిన రెండూ అరగడానికి దరిదాపు 18,000 కిలోమీటర్లు పడుతుంది. నెలకు ఏడువందలు తిరిగే నాకు అది రెండేళ్ళ పైమాట. నిజాన్ని శాతంలో చెప్పి, గడువును మౌనంలో దాచుకోవడమన్నది తమ వద్దే నేర్చుకోవాలి.

డిస్కుల విషయంలో ఇంత ఓపిక అక్కర్లేదు. ఎంత పలచబడితే పారేయాలో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. మావి ఆ అంకెకు ఇంకా దూరంలోనే ఉన్నాయి. వానలో రెండు రోజులు నిలిపిన బండికి పట్టిన తుప్పు నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది. సాక్ష్యంగా తమరు జతపరిచిన ఫొటో సంగతి మాత్రం వేరు. అందులో డిస్కు నిండా గాట్లు పడి ఉన్నాయి, చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మేస్త్రి రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసి చూసి, “సార్, ఇందులో అయిదు నట్లున్నాయి. మీ చక్రానికి నాలుగే” అన్నాడు.

ఇంతవరకూ నేనే గెలిచాను. వెనక ఎడమ చక్రం డ్రమ్ము విప్పేదాకా అలాగే అనుకున్నాను.

డ్రమ్ములో పొడి నల్లని దుమ్ము ఉండాలి. అక్కడ తడి బురద ఉంది. మేస్త్రి, ఆయిలు ఒత్తిడితో షూలను డ్రమ్ముకు అదిమే వీల్ సిలిండరు రబ్బరు బూటు అంచును స్క్రూడ్రైవరుతో కొద్దిగా పైకి లాగితే, లోపలి నుండి ఆయిలు ఒక చుక్క జారి షూ మీద పడింది. అతను దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది నాకు చూపించి, “దీంతోనే తిరుపతి పోదామనుకున్నారా?” అన్నాడు. ఆయిలు తాగిన షూ ఇక పట్టుకోదు; ఒక వైపు మారిస్తే రెండో వైపూ మార్చాలి. నేను మళ్ళీ తమరిని తెరిచి చదివాను. ఏడో వరసలో, స్ప్రేకు కిందుగా, ‘వీల్ సిలిండర్ ఆర్.ఎల్. లీక్, రికమెండెడ్, 640’ అని ఉంది. ఆర్.ఎల్. అంటే వెనక ఎడమ. మిగతా ఏడింటి పక్కన ఉన్న మాటే దీని పక్కనా ఉంది. ముద్ర ఒక్కటే, అక్షరాల సైజు ఒక్కటే. నేను నిరాకరిస్తున్నానని పెట్టిన సంతకం కింద ఇది కూడా ఉంది.

ఇంకో మాట. ఇంటికి వచ్చి పాత బిల్లులు తీశాను. ఆరు నెలల కిందటి సర్వీసులో ‘బ్రేక్ ఆయిల్ టాప్ అప్, 120’ అని ఉంది. ఆ ఆయిలు ఇంజిను ఆయిలులా ఖర్చయ్యేది కాదు. మట్టం తగ్గిందంటే ప్యాడ్లయినా బాగా అరిగి ఉండాలి, ఎక్కడో కారుతూనైనా ఉండాలి. తమ పూర్వీకుడు ఆ ప్రశ్న అడగకుండా డబ్బా నింపి, 120 రూపాయలు రాసుకుని వెళ్ళిపోయాడు.

నాన్నా పులి కథలో కుర్రవాడు కనీసం ఒక్కొక్కసారి ఒక్కొక్క పులి అన్నాడు. తమరు ఒకే కాగితంలో ఎనిమిది పులులను వరసగా నిలబెట్టి, నిజమైన దాన్ని ఏడోదిగా, అన్నిటికన్నా చవకైనవాటిలో కలిపి కూర్చోబెట్టారు. నేను తమరిని పూర్తిగా నమ్మి ఉంటే అక్కర్లేని డిస్కులకు 8,200 రూపాయలు పోయేవి. బొత్తిగా నమ్మకుండా ఉంటే కారుతున్న సిలిండరుతో ఘాట్ రోడ్డు ఎక్కి దిగి ఉండేవాణ్ణి. తమ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే: తమరు దొంగ అయితే చించి పారేసి హాయిగా ఉండేవాణ్ణి.

కనుక తమరు మళ్ళీ నా ఇంటికి దయచేసేటప్పుడు ప్రతి వరస పక్కన ఒక కొలత, ఒక గడువు వెంటబెట్టుకు రండి. ‘5 మిల్లీమీటర్లు ఉంది, 3 కి మార్చాలి’ అని రాయడానికి సిరా ఎక్కువేమీ పట్టదు. ఈ పూటే చేయవలసిన పనిని మొదటి వరసలో రాయండి, దాని ధర ఎంత తక్కువైనా సరే. ఫొటో నా చక్రానిదే పంపండి. పాత సామాను డిక్కీలో పెట్టించండి, ఇంటికి తెచ్చి నేనే చూసుకుంటాను. ఇక ఆ నిరాకరణ సంతకం పక్కనే ‘ఇవి మేము కొలిచి చూశాము’ అని తమవారు సంతకం చేయడానికి కూడా ఒక గీత ఉంచండి.

సిలిండరు, షూలు, ఆయిలు ఆటోనగర్‌లోనే మార్పించాను. తిరుమల వెళ్ళి క్షేమంగా వచ్చాము, దిగేటప్పుడు దారి పొడవునా రెండో గేరు.

ఇట్లు,
మరో 18,000 కిలోమీటర్ల తరవాత ప్యాడ్ల కోసం రాబోయే,
తమ విధేయుడు.

తా.క.: ఫొటోలోని అయిదు నట్ల బండి ఎవరిదో వారికి దయచేసి ఈ రోజే ఫోను చేయండి. ఆ డిస్కు నిజంగానే పోయింది.