ముందు తెగిన కేబుల్ చూపించండి, ఏడు లేయర్లు తర్వాత

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక కాలేజీకి మూడేళ్లు గెస్ట్ లెక్చరర్‌గా వెళ్లి నెట్‌వర్కింగ్ మొదటి పేపర్ చెప్పాను. మొదటి ఏడాది, పాఠాలు మొదలైన రెండు నెలలకు క్లాసులో ఒక మామూలు ప్రశ్న అడిగాను. మీ ఫోన్‌లోకి నెట్ ఎక్కడినుంచి వస్తోంది? ఎక్కువమంది చెప్పిన జవాబు, "శాటిలైట్ నుంచి మాస్టారూ." అదే పిల్లలు, నెట్‌వర్క్ పనిని ఏడు అంచెలుగా విడదీసి చూపే ఓఎస్‌ఐ మోడల్ ఏడు లేయర్ల పేర్లూ కిందినుంచి పైకి, పైనుంచి కిందికి గడగడా అప్పజెప్పగలరు. కిటికీలోంచి చూస్తే టవర్ కనిపిస్తోంది. దాని కాళ్ల దగ్గర నేలలోంచి పైకి లేచిన నల్లటి కేబుల్ కూడా కనిపిస్తోంది. దాన్ని చూడమని వాళ్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. రెండు నెలలుగా పాఠం చెబుతున్న నేను కూడా చెప్పలేదు.

తప్పు పిల్లలది కాదు, పాఠాన్ని మొదలుపెట్టిన చోటుది. మన కాలేజీల్లో ఈ సబ్జెక్టు అనగానే ముందు ఏడు గదుల బొమ్మ వస్తుంది. ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్ అంటూ బట్టీ మొదలవుతుంది. ఏ లేయర్ ఏం చేస్తుందో రాస్తే మార్కులు పడతాయి. కానీ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఈ మోడల్‌ని 1984లో ప్రమాణంగా ప్రకటించేనాటికే, 1983 జనవరి 1న, అమెరికాలో ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ టీసీపీ/ఐపీ అనే వేరే పద్ధతికి మారిపోయింది. ఈరోజు మనం వాడే ఇంటర్నెట్ ఆ దారిలో పెరిగింది. సెషన్ లేయర్, ప్రెజెంటేషన్ లేయర్ అని విడివిడిగా మన ఫోన్‌లో ఎంత వెతికినా దొరకవు. ఆ బొమ్మ పనికిరానిదని నేననను. పని తెలిసినవాడికి లోపం ఎక్కడుందో వెతుక్కోవడానికి అది చక్కగా ఉపయోగపడుతుంది. ఏమీ తెలియని పిల్లవాడికి మొదటి రోజే చేతిలో పెడితే మాత్రం అది ఎక్కాల పుస్తకమే.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ వైపు కాలేజీల్లో ఈ కోర్సు వీధిలో మొదలవ్వాలి, తెగిన లైను దగ్గర మొదలవ్వాలి. ఎందుకంటే మన పిల్లలకు నెట్ ఉండటం కంటే పోవడం బాగా తెలుసు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషుల మీద పడ్డాయి. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవాళ్లు అప్పుడు స్కూల్లో ఉన్నారు. ఫోన్ మూగబోయిన ఆ రోజులు వాళ్లలో ప్రతి ఒక్కరికీ గుర్తున్నాయి. ఆ జ్ఞాపకంతోనే పాఠం మొదలుపెట్టవచ్చు. టవర్ నిలబడే ఉంది కదా, సిగ్నల్ ఎందుకు పోయింది? టవర్ కింద పరికరాలు నడిచేది 48 వోల్టుల బ్యాటరీ మీద. కరెంటు పోయాక బ్యాటరీ కొన్ని గంటలే లాగుతుంది, తర్వాత డీజిల్ జనరేటర్ ఉండాలి. రోడ్డుకు అడ్డంగా చెట్లు పడితే డీజిల్ ఎలా వస్తుంది? సరే, కరెంటు వచ్చింది, ఫోన్‌లో గీతలన్నీ కనిపిస్తున్నాయి, అయినా నెట్ రావడం లేదు. అదెందుకు? ఆ గీతలు చెప్పేది ఫోన్‌కీ టవర్‌కీ మధ్య ఉన్న సంగతే. టవర్ నుంచి ఊరు దాటి వెళ్లే ఫైబర్ తెగిపోతే గీతలు ఎన్నున్నా లాభం లేదు. ఈ రెండు ప్రశ్నలకు ఒక గంట కేటాయిస్తే చాలు, ఫోన్ నుంచి టవర్ దాకా ఉండే యాక్సెస్ నెట్‌వర్క్‌కూ, టవర్ నుంచి బయటికి వెళ్లే బ్యాక్‌హాల్‌కూ తేడా ఏ పిల్లవాడూ జన్మలో మరిచిపోడు.

రెండో ఏడాది నేను ఒక పని చేశాను. ఊళ్లో కేబుల్ లైన్లు చూసుకునే కుర్రాణ్ణి బతిమాలి క్లాసుకు తీసుకొచ్చాను. ఫైబర్ అతికించే స్ప్లైసింగ్ మిషన్, అందులో వచ్చే వెలుగు బలం కొలిచే పవర్ మీటర్ పట్టుకొచ్చాడు. పిల్లల ముందే ఫైబర్ తెంపి, తుడిచి, కోసి, అతికించి చూపించాడు. వెంట్రుకంత గాజుపోగులోంచి ఇంటిల్లిపాదీ చూసే సినిమా వస్తుందని వాళ్లు కళ్లారా చూసింది ఆ రోజే. "మైనస్ ఇరవై రెండు వస్తే పర్లేదు, మైనస్ ఇరవై ఏడు దాటితే ఇక నిలబడదు" అన్నాడు ఆ కుర్రాడు. అతను చదివింది పదో తరగతి. ఆ మాటలో లాగరిథమ్ ఉందని అతనికి తెలియదు, బలం ఎంత తగ్గిందో లాగరిథమ్‌తో చెప్పే డెసిబెల్ చదివిన మా పిల్లలకు ఆ మాట అర్థం కాలేదు. ఒకరి దగ్గర పని, ఇంకొకరి దగ్గర లెక్క. ఇద్దర్నీ కలపని కోర్సు ఎందుకు?

ఆ లెక్క బోర్డు మీద వేశాను. ఇళ్లకు వచ్చే ఫైబర్ కనెక్షన్‌లో, అటు ఆఫీసు మిషన్ నుంచి ఇటు మన గోడ మీది డబ్బా దాకా, సాధారణంగా 28 డెసిబెల్స్ నష్టం దాకా ఓర్చుకోవచ్చు. ఒక పోగును 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్ దగ్గరే సుమారు 17 పోతాయి. 1310 నానోమీటర్ల వెలుగుకు కిలోమీటరుకు 0.35 చొప్పున 20 కిలోమీటర్లకు ఇంకో 7. మొత్తం 24. చేతిలో మిగిలింది 4. మంచి అతుకు 0.1 కూడా తినదు. వానలో, తుప్పల్లో, హడావిడిగా వేసిన అతుకు అర డెసిబెల్ తినగలదు. కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుల్ గాలికి, కొమ్మకు, ఎత్తుగా గడ్డి వేసుకొచ్చే లారీకి ఎన్నిసార్లు తెగుతుందో మనకు తెలుసు. ఎనిమిది చెడ్డ అతుకులు పడితే ఆ 4 కూడా అయిపోతుంది, డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. మూడు డెసిబెల్స్ పోతే వెలుగు సగమైనట్టు అని ఒక్క మాట కలపండి, ఇక పుస్తకంలో ఆ చాప్టర్ పిల్లలే చదువుకుంటారు.

ఆ రోజు వెనక బెంచీ నుంచి ఒక పిల్ల అడిగింది, తెగిన చోటు ఎలా తెలుస్తుంది, లైనంతా నడుచుకుంటూ వెళ్లాలా అని. రెండు నెలల పాఠాల్లో రాని ప్రశ్న అది. వెలుగు గాజులో కిలోమీటరు దాటడానికి 5 మైక్రోసెకన్లు పడుతుంది. ఇక్కడినుంచి ఒక మెరుపు పంపి, తెగిన అంచుకు తగిలి అది తిరిగొచ్చే సమయం కొలుస్తారు. 83 మైక్రోసెకన్లు వచ్చిందంటే రానూపోనూ కలిపి కాబట్టి 8.3 కిలోమీటర్ల దగ్గర తెగింది. ఓటీడీఆర్ అనే మిషన్ చేసేది ఇదే. బావిలో రాయి వేసి చప్పుడు ఎప్పుడు వినిపిస్తుందో చూసి లోతు చెప్పే మన పల్లె పద్ధతికి ఇది చాలా దగ్గర.

ప్రోటోకాల్ అంటే, మిషన్లు మాట్లాడుకోవడానికి అందరూ ఒప్పుకునే పద్ధతి అంటే, ఏమిటో చెప్పడానికి కూడా మన దగ్గర నౌపడా జంక్షన్ ఉంది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది, 1931లో గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు. మెయిన్ లైన్‌లో 1676. అందుకే అప్పట్లో నౌపడాలో మనుషులు బండి మారాల్సి వచ్చేది, సరుకు ఒక వ్యాగన్‌లోంచి దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎత్తాల్సి వచ్చేది. 1974లో టీసీపీ/ఐపీకి రూపమిచ్చిన వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ ఎదుర్కొన్న చిక్కు కూడా ఇలాంటిదే. ఒక్కో నెట్‌వర్క్‌ది ఒక్కో పద్ధతి, ఒక్కోదానిలో పట్టే ప్యాకెట్ (సమాచారపు మూట) సైజు వేరు. వాళ్లు అన్ని పట్టాలనూ ఒకే గేజుకు మార్చమనలేదు. అందరూ ఒప్పుకునే ఒక పెట్టె తయారుచేసి, రెండు నెట్‌వర్కులు కలిసే చోట గేట్‌వే పెట్టి, అవసరమైతే అక్కడ పెట్టెను చిన్న ముక్కలు చేసి పంపమన్నారు. మన రైల్వే గుణుపురం దాకా పట్టాలు మార్చి 2011లో బ్రాడ్‌గేజ్ చేసింది. ఇంటర్నెట్ పట్టాలు మార్చకుండానే ప్రపంచాన్ని కలిపింది. తాతల దగ్గర చిన్న రైలు కబుర్లు విన్న పిల్లలకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

అడ్రస్‌ల పాఠమూ అంతే. పాతపట్నంలో ఉన్న ఫ్రెండ్ ఇంటి నెట్‌కు పింగ్ కొట్టమంటే, అంటే 'ఉన్నావా' అని చిన్న సందేశం పంపమంటే, పోలేదు. రౌటర్ పేజీ తెరిపించాను. 100.64తో మొదలయ్యే అడ్రస్ ఉంది. అది బయటి ప్రపంచానికి కనిపించే అడ్రస్ కాదు, కంపెనీ లోపల చాలా ఇళ్లను ఒకే అడ్రస్ చాటున దాచే ఏర్పాటు. నెట్ అడ్రస్‌ల పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్నవే 32 బిట్లు, సుమారు 429 కోట్ల అడ్రస్‌లు. కొత్త పద్ధతి ఐపీవీ6 128 బిట్లకు ఎందుకు వెళ్లిందో ఆ తర్వాత నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు. పిల్లలు ఉద్యోగానికి వెళ్లేది హైదరాబాద్‌కో బెంగళూరుకో, ఇంటర్వ్యూలో అడిగేది ఏడు లేయర్లే, కేబుల్ అతకడం ఐటీఐ వాళ్ల పని, యూనివర్సిటీ సిలబస్ మన చేతుల్లో లేదు అంటారు. సిలబస్‌లో ఏముండాలో మన చేతుల్లో లేని మాట నిజమే. ఏది ముందు చెప్పాలో మాత్రం పాఠం చెప్పేవాడి చేతిలోనే ఉంది. ఇంటర్వ్యూ సంగతంటారా, పేర్లు అప్పజెప్పేవాడికీ, 'లింక్ లైటు వెలుగుతోందా, అడ్రస్ వచ్చిందా, గేట్‌వేకి పింగ్ వెళుతోందా' అని వరసగా వెతికేవాడికీ తేడా అడిగేవాళ్లకు బాగానే తెలుసు. ఇక అతకడం తక్కువ పని అనే మాట చదువుకున్నవాళ్ల నోట రాకూడదు.

ఈ కోర్సు గురించి నేను ఇంత పట్టుదలగా రాయడానికి అసలు కారణం వేరే ఉంది. నెట్‌వర్క్ నేర్చుకున్న పిల్లవాడు తన ఊరిని మ్యాపులో వేరేగా చూస్తాడు.

మనల్ని అందరూ చివరి ఊరు అంటారు. భువనేశ్వర్ నుంచి చూస్తే పర్లాకిమిడి చివర. అమరావతి నుంచి చూస్తే పాతపట్నం చివర. మధ్యలో మహేంద్రతనయ నది ఉంది, అటూ ఇటూ పెళ్లిళ్లు, సంతలు, ఆసుపత్రులు, అప్పులు అన్నీ ఉన్నాయి. కానీ టెలికాం లెక్కలో దేశం 22 లైసెన్స్ ఏరియాలు. ఒడిశా 'సి' కేటగిరీ, ఆంధ్రప్రదేశ్ 'ఏ' కేటగిరీ. ల్యాండ్‌లైన్ రోజుల్లో బరంపురం కోడ్ 0680, శ్రీకాకుళం కోడ్ 08942. సున్నా పక్కన అంకెలోనే మనం రెండు వేరే ప్రపంచాలం. ఒకే ఇంట్లో పెరటి గదిలో ఒక రాష్ట్రం సిగ్నల్, వీధి అరుగు మీద ఇంకో రాష్ట్రం సిగ్నల్ పట్టే ఊళ్లలో రోమింగ్ బిల్లు కట్టిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

నెట్‌వర్క్ పాఠంలో మాత్రం రెండు వైపులకూ దగ్గరగా ఉన్న చోటును చివర అనరు. గేట్‌వే పెట్టడానికి, రింగు మూయడానికి అదే సరైన చోటు. ఒకే తీగ మీద వరసగా ఊళ్లు కడితే ఒక్క చోట తెగితే ఆ తర్వాతివన్నీ చీకటే. రింగు కడితే ఒక పక్క తెగినా ఇంకో పక్కనుంచి దారి ఉంటుంది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 1,39,579 కోట్ల రూపాయల సవరించిన భారత్‌నెట్ పథకం చెప్పేది కూడా ఇదే, బ్లాక్ నుంచి పంచాయతీలకు రింగులు వేస్తామని. మంచి నిర్ణయం. కానీ ఆ రింగు బ్లాకులో మొదలై బ్లాకులోనే ముగుస్తుంది. గోసాని బ్లాకు గీత మన ఒడ్డున ఆగిపోతుంది, పాతపట్నం మండలం గీత ఆ ఒడ్డున ఆగిపోతుంది. తుపాను మాత్రం ఏ గీత దగ్గరా ఆగదు. నాలుగైదు కిలోమీటర్ల కేబుల్ రెండు గీతలనూ కలిపితే, భువనేశ్వర్ వైపు దారి తెగిన రోజు పర్లాకిమిడి ఆసుపత్రి విశాఖ మీదుగా మాట్లాడగలదు. శ్రీకాకుళం వైపు తెగిన రోజు పాతపట్నం బరంపురం మీదుగా మాట్లాడగలదు. ఇంత చిన్న పని రెండు రాష్ట్రాల మధ్యలో పడి ఎవరిదీ కాకుండా పోతోంది.

కొరాపుట్ పక్కన కొటియా ఊళ్లను చూడండి. వాటి మీద రెండు రాష్ట్రాల గొడవ 1968లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. గొడవ తేలలేదు కాబట్టి రెండు ప్రభుత్వాలూ అక్కడికి పోటీపడి వెళుతున్నాయి, చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. సరిహద్దు ఊరికి రెండు వైపుల నుంచీ దారి దొరకాలంటే సరిహద్దు గొడవలోనే ఉండాలా? గీత స్పష్టంగా ఉన్న ఊళ్లకు ఆ భాగ్యం ఎందుకు ఉండకూడదు?

భాష విషయంలోనూ ఇదే బాధ. మా క్లాసులో పుస్తకం ఇంగ్లీషు, స్కూల్లో చదివింది ఒడియా, ఇంట్లో మాట తెలుగు, కొండ మీంచి దిగివచ్చే పిల్లలకు సవర. భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ చెప్పుకోవచ్చని సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2021లో అనుమతించింది. కాగితం మీద తెలుగు అంటే ఆంధ్రా, తెలంగాణల కాలేజీలే గుర్తొస్తాయి, ఒడిశాలో తెలుగు మాట్లాడే పిల్లవాడు ఎవరికీ గుర్తు రాడు. ఇదే పర్లాకిమిడిలో రాజావారి విద్యాసంస్థల్లో పాఠాలు చెబుతూ గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నారు, సవరల పిల్లలకు బడులు పెట్టారు. జనం మాట్లాడే తెలుగు చదువులోకి రావాలని పోట్లాడారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిన రోజున ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. రెండు భాషల మధ్య దారి వేసిన మనిషికి కూడా ఆ గీత అడ్డం పడింది. 'పవర్ ఎంత వస్తోంది, లాస్ ఎక్కడ పోతోంది' అనే కేబుల్ కుర్రాడి మాటల్లో, ఒక వాక్యం తెలుగులో, ఒక వాక్యం ఒడియాలో చెబితే పాఠం ఎంత తేలికో నేను స్వయంగా చూశాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మూడో ఏడాది చివర, ఓటీడీఆర్ సంగతి అడిగిన ఆ పిల్లే ఒక పెద్ద కాగితం తెచ్చింది. కాశీనగర్ బ్లాకులో తన ఊరు, చుట్టూ పంచాయతీలు, తను తిరిగి చూసుకున్న స్తంభాల వరస, తెగే చోట్లు ఎర్ర సిరాతో. సరిహద్దు అవతల ఆంధ్రా పంచాయతీ దాకా చుక్కల గీత గీసి, "దీన్ని ఇలా కలిపితే రింగు అయిపోతుంది మాస్టారూ, ఎవరికి రాయాలి?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని రెండు ఉత్తరాలు రాశాం, భువనేశ్వర్‌కు ఒడియాలో ఒకటి, అమరావతికి తెలుగులో ఒకటి. రెండింటికీ ఆమె మ్యాపు జెరాక్స్ జతచేశాం.