కృపకు పాస్ మార్కులెన్ని?

మా నాన్న కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. పుట్టింది డోర్నకల్లో, పుట్టుకతోనే సీఎస్‌ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా సంఘస్థుడు. అమ్మది హనుమకొండ, నిఖార్సైన బాప్టిస్టుల ఇల్లు. పెళ్ళయ్యాక అమ్మ నాన్న చర్చికే వస్తోంది గానీ వాదనలో మాత్రం ఇప్పటికీ పుట్టింట్లోనే ఉంటుంది. ఈ లెంటు రోజుల్లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాసాల కాలంలో, మా చర్చి పాస్టరు అయ్యగారు నాన్నకో పని అప్పజెప్పారు. ఈస్టర్ దాటాక బిషప్ గారు వస్తారు, కన్ఫర్మేషన్ తీసుకునే, అంటే చిన్నప్పటి బాప్తిస్మాన్ని ఇప్పుడు తమ నోటితో ఖాయం చేసుకునే పిల్లలకు మన సంఘం ఏం నమ్ముతుందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆదివారాలు ఆరాధన అయ్యాక చెప్పండి అని. అంతే, నాన్న ఒక లావుపాటి లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. కింద రాసిందంతా నేను పక్క గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని విన్నది. ఆఫీసు పనేమైనా అయిందా అని మాత్రం అడగొద్దు.

నాన్న: ఇగో, విను. మొదటి క్లాసు. "1517 అక్టోబరు 31న జర్మనీలోని విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథర్ అనే సన్యాసి..."

అమ్మ: చదవండి, చింతచిగురు ఏరుతున్నా, చెవులు ఖాళీగానే ఉన్నాయి.

నాన్న: "...పాపక్షమాపణ పత్రాలను డబ్బుకు అమ్మడాన్ని నిలదీస్తూ 95 అంశాలు రాసి..."

అమ్మ: ఆ 95 కూడా రాశారా?

నాన్న: ముఖ్యమైనవే రాశా.

అమ్మ: ఎన్ని?

నాన్న: అరవై రెండు.

అమ్మ: దేవుడా! ఆదివారం, ఎండాకాలం, ఆరాధన అయ్యేసరికి పన్నెండున్నర. పొద్దున ఇడ్లీ కూడా తినకుండా వచ్చిన ఇంటర్ పిల్లల్ని కూర్చోబెట్టి జర్మనీ చెబుతారా?

నాన్న: పునాది లేకుండా ఇల్లు కడతామా? మొన్న ఒక పిల్లాడు నన్నే అడిగాడు, అంకుల్, ఫాతిమానగర్ కాథలిక్ చర్చికీ మనకూ తేడా ఏంటని. దానికి సమాధానం 1517లోనే ఉంది.

అమ్మ: వాడు ఏమడిగాడో సరిగ్గా చెప్పండి.

నాన్న: అక్కడ మరియమ్మ తల్లి బొమ్మ ఉంటుంది, మన దగ్గర ఎందుకు లేదని.

అమ్మ: మీరేమన్నారు?

నాన్న: కూర్చో బాబూ, మొదట్నుంచి చెబుతా అన్నా.

అమ్మ: కూర్చున్నాడా?

నాన్న: వాళ్ళమ్మ పిలుస్తోందని పోయాడు.

అమ్మ: ఎవరి అమ్మ పిలవదు అట్లాంటప్పుడు! ఆమె ప్రభువు తల్లి, ఆమెను గౌరవిస్తాం, కానీ దేవునికీ మనకూ మధ్యవర్తి యేసు ఒక్కడే అని మన నమ్మకం, అందుకే ఆమెకు ప్రార్థన చేయం. అయిపోయింది. వాళ్ళను ఒక్క మాట అనక్కర్లేదు, వాడికి బస్సు కూడా తప్పదు.

నాన్న: మరి కృపచేత మాత్రమే, విశ్వాసంవల్ల మాత్రమే రక్షణ అన్న సంగతి ఎప్పుడు చెప్పాలి? ఎఫెసీ 2:8. నువ్వు మంచి పనులు చేసి సంపాదించుకునేది కాదు, ఊరికే ఇచ్చేది. అది రెండో క్లాసు.

అమ్మ: అది బాగుంది. ఆ కాగితాల కట్టేంటి?

నాన్న: పరీక్ష పేపరు. జిరాక్స్ తీయించా.

అమ్మ: పరీక్షా?

నాన్న: వంద మార్కులు. ముప్పై అయిదు వస్తేనే బిషప్ గారి ముందుకు పంపేది.

అమ్మ: రక్షణ ఊరికే ఇస్తాడని రెండో క్లాసులో చెప్పి, చివరి క్లాసులో ముప్పై అయిదు తెచ్చుకోమంటారా?

నాన్న: రక్షణకు కాదే తల్లీ, కన్ఫర్మేషన్‌కు!

అమ్మ: ముప్పై నాలుగు వచ్చిన వాడి సంగతి?

నాన్న: ఒక్క మార్కే కదా, గ్రేస్ కలుపుతాం.

(ఇక్కడ అమ్మ నవ్వు ఆపుకోలేక చింతచిగురు చాట పక్కన పెట్టింది. నాన్నకు ఎందుకు నవ్విందో చాలాసేపు అర్థం కాలేదు.)

నాన్న: నవ్వు, నవ్వు. మీ బాప్టిస్టులకు ఈ బాధ లేదు. కన్ఫర్మేషనే లేదు.

అమ్మ: మాకెందుకు? నాకు పద్నాలుగేళ్ళప్పుడు, నేను నమ్ముతున్నానని నా నోటితో నేను చెప్పి, నీళ్ళలో నిలువునా మునిగి లేచా. మిమ్మల్ని నెల పిల్లాడిగా ఎత్తుకుపోయి నెత్తిన మూడు చుక్కలు చల్లారు. మీకు తెలుసా అప్పుడేం జరిగిందో?

నాన్న: ఏడ్చానట.

అమ్మ: అదే మీ సాక్ష్యం.

నాన్న: చూడు, ఇది పిల్లలకు ఎట్లా చెప్పాలో నేను ఆలోచించి పెట్టుకున్నా. అమ్మానాన్న మన పేరు మీద రిజర్వేషన్ చేయిస్తారు, అది బాప్తిస్మం. మనం పెద్దయ్యాక బండెక్కి, టీటీఈ వచ్చినప్పుడు, అవునండీ, ఈ బెర్తు నాదే, ఈ ప్రయాణం నాదే అని కార్డు చూపిస్తాం, అది కన్ఫర్మేషన్. ఎట్లుంది?

అమ్మ: బాగానే ఉంది గానీ, మీ రైల్వేలోనే అయిదేళ్ళ లోపు పిల్లలకు టికెట్టే అక్కర్లేదు కదా.

నాన్న: ...

అమ్మ: ఏమైంది, చెప్పండి. ముప్పై ఎనిమిదేళ్ళు సర్వీసు చేశారుగా.

నాన్న: బెర్తు కావాలంటే తీసుకోవాలి!

(ఇది నాన్నకు అప్పటికప్పుడు తట్టిన సమాధానం, గొంతులోనే తెలిసిపోయింది. నిజానికి మంచి సమాధానమే.)

అమ్మ: సరే, ఆ ముక్క ఉంచండి. విశ్వాస ప్రమాణం కంఠతా పెట్టిస్తారా?

నాన్న: తప్పకుండా. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణం, మూడూ చూడకుండా చెప్పాలి.

అమ్మ: మీరు చెప్పండి.

నాన్న: నేనా? ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నాగా. "పరలోక భూలోకముల సృష్టికర్తయగు..." ఆ... "పొంతి పిలాతు..." ఆగు, మధ్యలో ఏదో వస్తుంది. అందరితో కలిసి అయితే ఆగకుండా వస్తుంది నాకు.

అమ్మ: అదీ! ఇంకో సంగతి. మన మనవరాలు నన్ను అడిగింది, నాయనమ్మా, పేతురు పేరు లేదు, పౌలు పేరు లేదు, యేసును సిలువకు అప్పగించిన పిలాతు పేరు మాత్రం ప్రతి ఆదివారం ఎందుకు తలుస్తాం అని. దీనికి మీ నోట్‌బుక్కులో ఉందా?

నాన్న: ఉంది... వెతకాలి.

అమ్మ: వెతకండి. నేను దానికి చెప్పేశా. ఇది అనగనగా ఒక రాజు కథ కాదు, ఫలానా అధికారి యూదయను ఏలుతున్న రోజుల్లో, ఫలానా చోట జరిగిందని గుర్తు పెట్టుకోవడానికని. మా చర్చిలో ఈ ప్రమాణం ప్రతి వారం చెప్పేవాళ్ళమే కాదు, ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నా.

నాన్న: అంటే మా సంఘం వల్ల నీకు లాభమైందని ఒప్పుకున్నట్టే.

అమ్మ: మా వల్ల మీకు కాలేదా? కీర్తనల పుస్తకం తెరిస్తే ముందు ఎవరివి పాడతారు? పురుషోత్తమ చౌదరివి. ఆయన బాప్తిస్మం 1833లో, కటకంలో, బాప్టిస్టుల దగ్గర. ముంచి తీసినదే.

నాన్న: పాటకు ముంచుడేంది, చల్లుడేంది! అందరూ పాడతారు.

అమ్మ: ఆ మాట క్లాసులో చెప్పండి ముందు. చరిత్ర అధ్యాయం ఎక్కడ? చూపించండి. లూథర్, కాల్విన్, వెస్లీ, ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ... ఆయన ఆరు పెళ్ళిళ్ళు కూడా రాశారా?

నాన్న: ఆంగ్లికన్ సంఘం ఎట్లా వచ్చిందో చెప్పాలంటే తప్పదు.

అమ్మ: ఆరుగురు భార్యల పేర్లు ఉన్నాయి, ఒంగోలు యెర్రగుంట్ల పేరయ్య పేరు లేదు.

నాన్న: ఒంగోలు మన జిల్లా కాదుగా.

అమ్మ: విట్టెన్‌బర్గు మన జిల్లానా?

(ఈ దెబ్బకు నాన్న లేచి మంచినీళ్ళు తాగి వచ్చాడు.)

అమ్మ: పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగాయన. 1866లో బాప్తిస్మం తీసుకుని, దొరల కోసం చూడకుండా, ఊరూరా నడిచి తనవాళ్ళకు తనే చెప్పాడు. దాన్నుంచి పుట్టింది ఒంగోలు బాప్టిస్టుల ఉద్యమం. అంతకుముందు 1853లో బాప్టిస్టు పెద్దలు అమెరికాలో కూర్చుని ఈ తెలుగు మిషన్ లాభం లేదు, మూసేద్దామా అని మాట్లాడుకున్నారు. తర్వాత కరువొచ్చింది. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు గానీ, కూటి కోసం కలిశారన్న మాట పడకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే బాప్తిస్మం తీసుకున్నది 2,222 మంది!

నాన్న: నిలువునా ముంచుడే?

అమ్మ: ముంచుడే. ఇద్దరు బోధకులు నీళ్ళలో నిలబడితే, వాళ్ళు అలసిపోయాక ఇంకో ఇద్దరు దిగారు. మరుసటి ఏడాది, 1879లో మా హనుమకొండకు మిషన్ వచ్చింది.

నాన్న: కరువు సంగతి మాకూ ఉంది. మెదక్ చర్చి కూడా అట్లాంటి రోజుల్లోనే, మిషనరీ పోస్నెట్ దొర పని పెట్టి కూడు పెట్టి కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. 173 అడుగుల శిఖరం!

అమ్మ: అడుగులు చెబుతారు, రాళ్ళు మోసినవాళ్ళ సంగతి చెప్పరు. లూథర్ దగ్గర ఎందుకు మొదలుపెట్టారో చెప్పనా? లూథర్ పేరు చెబితే ఎవరూ కులం అడగరు. పేరయ్య పేరు చెబితే అడుగుతారు.

(నాన్న ఏమీ అనలేదు. నేను కన్ఫర్మేషన్ తీసుకున్నప్పుడు మాకూ లూథరే, వెస్లీనే. కాలేజీలో ఎవరైనా మీరు ఎప్పుడు కన్వర్ట్ అయ్యారు అని అడిగితే నా దగ్గర సమాధానం ఉండేది కాదు, ఎందుకంటే మా ఇంటి చరిత్ర జర్మనీలో ఆగిపోయేది. డోర్నకల్ చర్చికి మసీదు లాంటి గుమ్మటాలు, గుడి మండపం లాంటి స్తంభాలు ఎందుకు పెట్టించారో నాకు ఉద్యోగం వచ్చాక గానీ తెలియలేదు. అది నేను పుట్టిపెరిగిన చోటికి గంటన్నర దూరం.)

నాన్న: నేను అజరయ్య బిషప్ గారి గురించి రాశా. చివర్లో ఉంది.

అమ్మ: ఎన్ని పేజీలు?

నాన్న: పేజీ... పేజీన్నర. 1912లో కలకత్తాలో అభిషేకం, మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. 1939 జనవరి 6న డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ. తిరునెల్వేలి తమిళుడు, ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు.

అమ్మ: మీ తాత సంగతి రాయలేదా?

నాన్న: మా తాత సంగతి చరిత్రెట్లయితది?

అమ్మ: మన పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారు. అజరయ్య గారు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారని, మీ తాత కూడా అట్లా పలికాడని, ఆ తర్వాత జీతగాడిగా ఉన్న ఊళ్ళోనే దొర గడి ముందు నిలబడి పాట పాడాడని.

నాన్న: పాడి దెబ్బలు తిన్నాడు.

అమ్మ: ఏ పేజీలో ఉంది?

నాన్న: అది ఇంటి సంగతి కదే...

అమ్మ: హెన్రీ రాజుది ఎవరింటి సంగతి?

నాన్న: సరే, రాస్తా! కానీ సీఎస్‌ఐ ఎట్లా పుట్టిందో మాత్రం వదలను. 1919లో తమిళనాడు ట్రాంకేబారులో మాటలు మొదలైతే 1947 సెప్టెంబరు 27న మద్రాసులో కలిశారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి. 28 ఏళ్ళు మాట్లాడుకుని మాట్లాడుకుని! పాపం అజరయ్య గారు 1945లోనే పోయారు, చూడలేకపోయారు.

అమ్మ: మేం అందులో లేం.

నాన్న: మీ బాప్టిస్టులు కలవలేదు.

అమ్మ: నేను కలిశాగా. ఇంకెంతమంది కావాలి మీకు?

నాన్న: నువ్వొక్కదానివే చాలు, రెండు డినామినేషన్ల పెట్టు.

అమ్మ: ఆ మాట ఆదివారం పిల్లల ముందు అనండి చూద్దాం.

నాన్న: పిల్లల ముందు నువ్వెందుకుంటావు?

అమ్మ: అయ్యగారు పొద్దున ఫోన్ చేశారు. క్లాసు ఇద్దరూ కలిసి తీసుకోండమ్మా అన్నారు. సరే అన్నా.

నాన్న: పొద్దున్నా? నాకెందుకు చెప్పలేదు?

అమ్మ: చెబుదామని వచ్చా. మీరు 1529లో ఉన్నారు.

నాన్న: చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం లూథర్ రాసిన సంవత్సరం అది! ముఖ్యమైనది!

అమ్మ: అందుకే కదిలించలేదు. ఇగ వినండి. పరీక్ష ఉండదు. పిల్లలు అడిగిందానికి ముందు జవాబు, మనం చెప్పాలనుకున్నది తర్వాత. పక్క సంఘంలో డ్రమ్స్ ఉన్నాయి మనకెందుకు లేవని అడిగితే మొహం చిట్లించొద్దు.

నాన్న: హాజరు తీసుకుంటా.

అమ్మ: తీసుకోండి. గంట క్లాసులో సగం నాది, పేరయ్య నుంచి మొదలు. మీ తాత కథకు పావుగంట. అజరయ్య గారికి అయిదు నిమిషాలు తక్కువే గానీ, ఆయన వచ్చే వారం మళ్ళీ వస్తారు.

నాన్న: మరి లూథర్‌కు?

అమ్మ: పది నిమిషాలు.

నాన్న: పది నిమిషాలా! 95 అంశాలకు?

అమ్మ: నిమిషానికి తొమ్మిదిన్నర. మొదలుపెట్టండి, నేను గడియారం చూస్తా.