విష్ లిస్ట్ గారికి నల్గొండ నుంచి

మహారాజశ్రీ విష్ లిస్ట్ గారికి,

నల్గొండ గడియారం సెంటర్ ట్రెక్కింగ్ మిత్రబృందం రాయునది. ఉభయకుశలోపరి. మా మోకాళ్లు, మడమలు అన్నీ క్షేమం. మీరుండగా వాటికేం ఢోకా!

కొనాలనుకున్నవన్నీ షాపింగ్ యాప్‌లో దాచిపెట్టుకునే జాబితా మీరు. కొండల బారి నుంచి మమ్మల్ని కాపాడుతున్నదీ మీరే. ఆదివారం పొద్దున్నే లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కుదామని ఎవడో ఒకడు అంటాడు. వెంటనే ఇంకొకడు "ఏ బూట్లతో?" అని అడుగుతాడు. అంతే, ఫోన్లలో మీరు తెరుచుకుంటారు. నీళ్లు లోపలికి రానివ్వని గోర్‌టెక్స్ పొర ఉన్నవా, లేనివా? చీలమండ దాకా వచ్చేవా, కిందికుండేవా? తేలేసరికి ఎండ ముదురుతుంది. గుట్ట ఎక్కడికీ పోదు కదా అనుకుని మేం బిర్యానీకి పోతాం.

మీ దయవల్ల అబ్బిన పాండిత్యం తక్కువేమీ కాదు. ఎంత చలి దాకా పనికొస్తుందో చెప్పడానికి స్లీపింగ్ బ్యాగు మీద ఉండే కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అంకెల తేడా నిద్రలో లేపి అడిగినా చెప్తాం. వేసవిలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో కూచుని, మైనస్ 10 బ్యాగులో బాతు ఈకలు మేలా, సింథటిక్ మేలా అని గొంతులు చించుకుంటాం. టెంట్‌కు 3000 మిల్లీమీటర్ల హైడ్రోస్టాటిక్ హెడ్ అంటే, ఆ బట్ట మూడు మీటర్ల ఎత్తు నీళ్ల ఒత్తిడిని తట్టుకుంటుందని అర్థం. మూడు మీటర్ల నీళ్లొస్తే టెంట్ ఎందుకు, పడవ చూసుకోవాలి గదా అని మా ఆవిడ అడిగింది. ఆమెకు స్పెసిఫికేషన్లు అర్థం కావు.

అన్నిటికన్నా మాకు ముద్దొచ్చేది 0.1 మైక్రాన్ వాటర్ ఫిల్టర్. వాగు నీళ్లలోని బ్యాక్టీరియాను ఆపుతుంది, నిజమే. నీళ్లలో కరిగిపోయిన ఫ్లోరైడ్‌ను మాత్రం ఆపదు. ఫ్లోరోసిస్‌తో తరాల తరబడి ఎముకలు వంగిన జిల్లా మాది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' (NEERI) తయారు చేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆ సంగతి మా బృందంలో ఎవరికీ పట్టదు. ఎందుకంటే పటికకు స్టార్ రేటింగ్ లేదు.

భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చిన మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ ఫొటోను మేం కూడా గర్వంగా చూశాం. తర్వాత జూమ్ చేసి బూట్ల బ్రాండు వెతికాం.

ఇక బరువు లెక్క. తిండి, నీళ్లు కాక సామాను నాలుగున్నర కిలోల లోపుంటే అల్ట్రాలైట్ అంటారట. అందుకోసం టైటానియం స్పూన్ దాకా వచ్చాం. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర జరుగుతుంది. పాలమూరు అవ్వలు "వస్తున్నం లింగమయ్యా" అంటూ ఒక చేతిసంచి, ఒక కర్రతో ఆ లోయ దిగి మళ్లీ ఎక్కుతారు. వాళ్లను మించిన అల్ట్రాలైట్ ఎవరున్నారు? కాకపోతే ఆ కర్రకు లింకు లేదు, మీలో చేర్చుకోవడం కుదరదు.

ఇప్పుడు అసలు మనవి. మొన్న మీలో దాచుకున్న మా టెంట్ ధర అమాంతం సగానికి పడిపోయింది. బృందమంతా టెన్షన్. "ధర తగ్గితే కొందాం" అన్న ఒక్క మాట మీదే కదా ఇన్నాళ్లూ పరువుగా బతికాం! ఒకాయన ఓటీపీ దాకా పోయాడు. నలుగురం పట్టి ఆపాం. టెంట్ వస్తే వేయాలి, వేయాలంటే ఎక్కడికో పోవాలి, పోవాలంటే ఇంట్లో చెప్పాలి. ఇంత ప్రమాదం మా మీదికి తేవడం మీకు ధర్మమా? కాబట్టి ధర వెంటనే పెంచించగలరు. కుదరకపోతే "స్టాక్ లేదు" అని పెట్టించినా చాలు, నెల రోజులు తృప్తిగా బాధపడతాం.

ఇట్లు,
మీ విధేయులు

తా.క.: రంగు ఆలివ్ గ్రీనా, నారింజా అన్నది ఇంకా తేలలేదు. దయచేసి రెండూ ఉంచగలరు.