ముందుచూపు ఉంది, బొమ్మే లేదు

హన్మకొండలో మా ఇంటి డాబా ఎక్కితే, స్తంభాల నెత్తిన ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ నిలబడి కనిపిస్తాయి. 2006లో స్లాబు వేసినప్పుడు, ముందుముందు పై అంతస్తు వేసుకుంటాం కదా అని మేస్త్రీకి చెప్పి మరీ వదిలించిన చువ్వలవి. ఆ ముందుముందు ఇంతవరకు రాలేదు గానీ చువ్వలకు తుప్పు మాత్రం వేళకే వచ్చింది; మా ఆవిడ వాటికి తీగ కట్టి బట్టలు ఆరేస్తోంది. మా అబ్బాయికి గేమింగ్ కంప్యూటరు సమకూర్చే బాధ్యత నా మీద పడినప్పుడు, అది కూడా సరిగ్గా ఆ చువ్వల వాస్తు ప్రకారమే తయారయింది.

వాడు ఇంజనీరింగులో చేరితే కొనిస్తానని మాట ఇచ్చాను. 2024లో వాడు చేరనే చేరాడు. అరవై వేలకు మించితే నా వల్ల కాదన్నాను. వాడు మర్యాదగా, "నాన్నా, ఇప్పటికి మామూలుది చాలు, తరవాత అప్‌గ్రేడ్ చేసుకునే వీలుంటే అంతే చాలు" అన్నాడు. ఆ 'తరవాత' అనే మాట నా చెవిన పడకుండా ఉండాల్సింది. ఒకటో తరగతిలో రెండు సైజులు పెద్ద యూనిఫాం కుట్టించి, ఏడాదికొక మడత విప్పుకుంటూ మూడో తరగతి దాకా వాడికి అదే తొడిగించిన మనిషిని నేను.

సలహాకు హైదరాబాదులో ఉన్న మా బావమరిదిని పట్టుకున్నాను. అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. స్క్రూడ్రైవర్ పట్టుకుని కంప్యూటరు విప్పిన దాఖలా లేదు గానీ, కంప్యూటరు ముందు కూర్చుని జీతం తీసుకునేవాడికి దాన్ని బాగుచేయడం కూడా వస్తుందని మా బంధువర్గంలో గట్టి నమ్మకం. అతను ఫోనులోనే సాకెట్ పురాణం విప్పాడు. ప్రాసెసర్ కూర్చునే పీటను సాకెట్ అంటారట. ప్రాసెసర్లు తయారుచేసే ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ మదర్‌బోర్డు 2017లో కొన్నవాడు, బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్ అయిన బయాస్‌ను అప్‌డేట్ చేసుకుని, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ను సైతం అదే బోర్డు మీద కూర్చోబెట్టుకోగలిగాడట. ఇప్పుడు ఏఎం5 నడుస్తోందట. దానికి 2027 దాకా, ఆ పైన కూడా కొత్త ప్రాసెసర్లు తెస్తామని కంపెనీయే చెప్పిందట. "పీట మంచిదైతే చాలు బావా, రేపు ఎవరినైనా కూర్చోబెట్టుకోవచ్చు" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదని ఇప్పటికీ ఒప్పుకుంటాను. పీటల మీదే మోజు పడి, పెళ్ళికొడుకు సంగతి మరిచిపోవడమే మా తప్పు.

దసరా సెలవుల్లో కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాదులో దిగి, పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు చేరుకున్నాం. మా అబ్బాయి జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. అందులో రైజెన్ 5 5600 ప్రాసెసర్, దానికి తగిన బీ550 బోర్డు, తెర మీద బొమ్మ తెప్పించే 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, అన్నిటికీ కరెంటు అందించే 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టె అని రాసుకున్నాడు. అరవై వేలల్లో మూడో వంతు పైచిలుకు ఒక్క కార్డుకే పోతుంది గానీ ఇంటికి తెచ్చిన రోజే ఆడుకోవచ్చు. మా బావమరిది ఆ కాగితాన్ని పెళ్ళిచూపుల్లో జాతకం చూసినట్టు చూసి, "పాత సాకెట్టు, డీడీఆర్4 ర్యామ్. రేపు ఏఎం5 కొన్నావనుకో, ఈ ర్యామ్ దాంట్లో దిగదు. పిన్నులు రెండింటికీ 288యే, కానీ మధ్యలో గాడి రెండింటికీ ఒకేచోట ఉండదు" అని కొట్టిపారేశాడు. కాగితం తిరిగి జేబులోకి వెళ్ళిపోయింది.

కొత్త పథకం ఇలా కుదిరింది. రైజెన్ 7600 ప్రాసెసర్‌లోనే చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంటాయి కాబట్టి ప్రస్తుతానికి వాటితో బండి లాగించి, కార్డు తరవాత కొనాలి. ఆ తరవాత కొనబోయే కార్డు ఎంత కరెంటు తాగుతుందో ఎవరికి తెలుసని 750 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ తీసుకున్నాం. కార్డు లేని ఆ కంప్యూటరు 150 వాట్లు కూడా తాగదు. ముగ్గురున్న ఇంట్లో పెళ్ళి గుండిగ ఎక్కించినట్టయింది. కార్డు ఎంత పొడుగుంటుందో తెలియదు కాబట్టి బీరువా అంత క్యాబినెట్, అదీ పక్కన గాజు తలుపుతో. ర్యామ్ కొనాలంటే రెండు పట్టీలు జంటగా వేస్తే వేగమని మా వాడు గొణిగినా, ముందుముందుకు చోటు మిగలాలని 16 జీబీ పట్టీ ఒకటే కొని, నాలుగు స్లాట్లలో మూడు ఖాళీగా ఉంచాం. ఖాళీ స్లాట్లు చూస్తే నాకు పొలం గట్టు మీద నిలబడినంత తృప్తి కలిగింది.

ఆఖరున కౌంటరు మీది కుర్రాడు, "సార్, 7600 బదులు 7500ఎఫ్ తీసుకుంటే మూడు వేలు తక్కువ, కోర్లు ఆరే" అన్నాడు. మూడు వేలనే మాట విన్నాక నాకు మిగతా మాటలు వినిపించలేదు. ఆ ఎఫ్ అంటే ఏమిటని బావమరిదిని అడిగాను. అతను ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "ఫాస్ట్, బావా" అన్నాడు. కుర్రాడు బిల్లు కొడుతూ కొడుతూ ఆగి, "ఇంట్లో కార్డు ఉంది కదా సార్?" అని అడిగాడు కూడా. అరవై వేలు చేత్తో పట్టుకున్న మనిషికుండే ధీమాతో, అన్నీ చూసుకునే వచ్చామని చెప్పాను. అన్నీ కలిపి జీఎస్టీతో 57 వేలయింది. మిగిలిన మూడు వేలలో రెండు వేలు రంగు దీపాల ఫ్యాన్లకూ, తక్కినది బిర్యానీకీ ఆటోలకూ సరిపోయింది. తిరుగు ప్రయాణంలో క్యాబినెట్ పెట్టె కిటికీ పక్క సీట్లో కూర్చుంటే మేమిద్దరం కాజీపేట దాకా నిలబడి వచ్చాం.

మర్నాడు మంచి ఘడియ చూసి బిగింపు మొదలుపెట్టాం. సాకెట్ మీద వెంట్రుకలంత సన్నని పిన్నులు 1718 ఉన్నాయని చెప్పి, మా అబ్బాయి ఇంట్లో ఫ్యాను ఆపించి, నన్ను ఊపిరి కూడా పక్కకు వదలమన్నాడు. సాయంత్రానికి అన్నీ బిగించి, మానిటర్ తీగ బోర్డు వెనక గుచ్చి, మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, గాజు తలుపు వెనక ఎరుపు, నీలం, ఆకుపచ్చ దీపాలు బతుకమ్మలా వెలిగాయి. మానిటర్ మాత్రం అమావాస్య. బావమరిదికి ఫోను చేస్తే, డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి తనను తాను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుందని, అప్పటిదాకా నల్లగానే ఉంటుందని చెప్పాడు. అది నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని మేము రాత్రి పదకొండు దాకా ఎదురుచూశాం. మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి, "దీపాలు బాగున్నాయండీ, ఇంతేనా?" అని అడిగి వెళ్ళింది.

పొద్దున్నే మా వీధి చివర జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడిపే కుర్రాణ్ణి పిలుచుకొచ్చాను. అతను దేన్నీ ముట్టుకోలేదు. గాజు తలుపు దగ్గర వంగి, బోర్డు అంచున ఉన్న ఆవగింజంత తెల్లదీపాన్ని చూశాడు. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాలతో 'వీజీఏ' అని రాసి ఉంది. "అంకుల్, కార్డేది?" అన్నాడు. అతని దుకాణం అలవాటు కొద్దీ నేను లోపలికెళ్ళి ఆధార్ కార్డు తెచ్చిచ్చాను.

అప్పుడు తెలిసింది, ఎఫ్ అంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండవని. ఇంటెల్ వారిదైనా ఇదే అర్థమట. పోనీ అక్షరం లేకపోతే భయం లేదనుకుందామా అంటే, మా వాడి కాగితంలోని 5600లోనూ బొమ్మ ఉండదట, 5600జీలో ఉంటుందట. తెలుగు వ్యాకరణంలో ఆదేశ సంధి కూడా ఇంత తిరకాసుగా ఉండదు. ఏ మూడు వేలు మిగిల్చానని మురిసిపోయానో ఆ మూడు వేలల్లోనే బొమ్మ ఉంది. సీటీసీకి ఫోను చేస్తే, విప్పిన ప్రాసెసర్ వెనక్కి తీసుకోవడం కుదరదని, అయినా తాను ముందే అడిగానని ఆ కుర్రాడు గుర్తుచేశాడు. కాదనలేకపోయాను.

జిరాక్సు కుర్రాడు జాలిపడి, తన దుకాణంలో పక్కన పెట్టిన జీటీ 1030 కార్డు తెచ్చి పెట్టాడు. 2 జీబీది, 2017 నాటిది. దానికి వేరే కరెంటు తీగ కూడా అక్కర్లేదు, తాగేది 30 వాట్లు. బీరువాలో అగ్గిపెట్టె పెట్టినట్టు కూర్చుంది గానీ, మానిటర్ మీద బొమ్మ వచ్చింది. దాంతో పాత ఆటలు నడుస్తున్నాయి. కొత్త ఆటలంటారా, ఒక పరుగు పందెం ఆటలో కారు కదలడం మొదలుపెట్టి, మలుపు దగ్గర ఆగి ఆలోచించుకుని, మళ్ళీ కదులుతుంది.

సంక్రాంతి ముందు నాకు చీటీ డబ్బు చేతికొచ్చింది. ఆర్‌ఎక్స్ 6600కు సరిపోతుంది. మా అబ్బాయి నాలుగు మడతల కాగితం మళ్ళీ బయటికి తీశాడు. మర్నాడు పొద్దుటి రైలుకు వెళదామనుకున్నాం. సరిగ్గా ఆ రాత్రే మా బావమరిది ఫోను చేసి, "బావా, తొందరపడకు, ఈ నెలలోనే కొత్త సిరీస్ కార్డులు ప్రకటిస్తున్నారు, కాస్త ఆగితే ముందుముందు..." అని అందుకున్నాడు. మా వాడు నా చేతిలోంచి ఫోను తీసుకుని, "మామయ్యా, మేము రైల్లో ఉన్నాం, సిగ్నల్ సరిగ్గా లేదు" అని ఎంతో వినయంగా చెప్పి పెట్టేశాడు. అప్పటికి మేము కంచాల ముందు నుంచి ఇంకా లేవనేలేదు.