72 గంటల లెక్క కాపురానికి సరిపోదు

అత్యాచారానికి గురైన మహిళకు హెచ్‌ఐవీ సోకకుండా ఏం చేయాలన్నదానిపై సందిగ్ధం లేదు. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర రోజుకొకటి, 28 రోజులు. 72 గంటల్లోపు మొదలవ్వాలి, మొదటి గంటల్లోనే పడితే ఇంకా మేలు. వైరస్ కణాల్లో స్థిరపడ్డాక ఈ కోర్సు దాన్ని తరిమేయలేదు. అందుకే ఎఫ్‌ఐఆర్ కాపీ తెమ్మంటూ మొదటి మాత్ర ఆపడం నేరుగా హాని చేయడమే. ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా చికిత్స చేయాలి. కాదంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 200 కింద ఏడాది వరకు జైలు.

అయితే ఈ ఏర్పాటంతా ఒక్క ఘటనను దృష్టిలో పెట్టుకుని చేసినది. సోకినవాడితో ఒకసారి యోని సంపర్కంలో స్త్రీకి సోకే అవకాశం పదివేలకు సుమారు 8. గాయాలు, సుఖవ్యాధులు ఉంటే పెరుగుతుంది. అసలు ముప్పు అదే మనిషితో అదే బలవంతం ఏళ్ల తరబడి సాగడంలో ఉంది.

2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 28 వేలకు పైగా వివాహితల వివరాలు పరిశీలిస్తే, భర్త కొట్టడంతోపాటు లైంగికంగానూ బలవంతపెట్టినవారిలో హెచ్‌ఐవీ 0.73 శాతం, హింస లేనివారిలో 0.19 శాతం. దెబ్బలు మాత్రమే తిన్నవారిలో ఆ తేడా లేదు. హింసించే భర్తల్లో హెచ్‌ఐవీ ఉండే అవకాశమూ ఎక్కువే. హింస ముందా, హెచ్‌ఐవీ ముందా అన్నది ఈ సర్వే చెప్పలేదు. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్‌లో హెచ్‌ఐవీ లేని 1,099 మంది యువతులను అనుసరించిన అధ్యయనం ఆ లోటు తీర్చింది: పదేపదే హింసకు గురైనవారిలో ఏడాదికి నూటికి 9.6 కొత్త కేసులు, మిగతావారిలో 5.2.

ఇక్కడ చట్టం చూడండి. భార్యకు 18 ఏళ్లు నిండితే భర్త బలవంతం అత్యాచారం కాదంటుంది అదే న్యాయ సంహిత సెక్షన్ 63లోని మినహాయింపు. ఆమెకు 72 గంటలు ఏ రాత్రి నుంచి లెక్కపెట్టాలి? ‘కండోమ్ వాడమనండి’ అనే కౌన్సెలింగ్ ఇంకా విడ్డూరం. ఆ మాటే ఇంట్లో మరో గొడవకు నాంది. పైగా గర్భిణి పరీక్షల్లో ముందు బయటపడేది చాలాసార్లు భార్య ఫలితమే, నింద కూడా ఆమెకే. హింస జరుగుతుందన్న అనుమానం ఉంటే భర్తకు ఆమె ఫలితం చెప్పకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం అంటోంది. ఆ అనుమానం రావాలంటే ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి కదా.

భర్తకు తెలియకుండా వాడగల మందూ వచ్చింది. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే లెనకపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది దక్షిణాఫ్రికా, ఉగాండా యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. దాని జనరిక్ తయారీ లైసెన్సులు పొందినవాటిలో హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. ఆ జనరిక్ వచ్చినప్పుడు దాన్ని అందుకునే అర్హుల జాబితాలో సెక్స్‌వర్కర్లతోపాటు, బలవంతపు కాపురం చేస్తున్న భార్యలనూ చేర్చాలి.